పిట్టక్క సీటు

కారు దిగేటప్పుడు పిట్టక్క తలుపు పైఅంచు పట్టుకుని ఒక్క క్షణం అలాగే వంగి ఉండేది. ఆ తర్వాత నడుముకు నచ్చజెప్పుకుంటున్నట్టు మెల్లగా నిటారుగా లేచేది. షెడ్డులో ఎవరూ లేకపోతే ఆ క్షణం ఎంతసేపైనా సాగేది. ఎవరైనా ఉంటే మాత్రం టైరు చూస్తున్నట్టు నటించేది. ఈవిడకి టైర్లంటే ఇంత ప్రాణమేమిటని తోటి డ్రైవర్లు చాలాకాలం ఆశ్చర్యపోయారు.

పిట్టక్క అన్నది వాళ్ళు పెట్టిన పేరే. మనిషి పొట్టి. స్టీరింగు వెనక కూర్చుంటే ఎదురుగా వచ్చేవాళ్ళకు నుదురూ, రెండు కళ్ళూ కనిపిస్తే గొప్ప. బండి దానంతట అదే వస్తోందనుకుని ఎవరో సైకిలు దిగి పక్కకు తప్పుకున్నారని నిచ్చెన కథలు చెప్పేవాడు. నిచ్చెన అంటే ఆ షెడ్డులో అందరికంటే పొడుగైన డ్రైవరు. నువ్వు కూర్చుంటే బండికి మెడ మొలిచినట్టుంటుంది, నా సంగతెందుకు నీకు అని ఆవిడ అక్కడికక్కడే తిప్పికొట్టేది. మాట పడి ఊరుకునే మనిషి కాదు.

ఆవిడ డ్రైవింగు నేర్చుకున్నది ఒక బేకరీ వాళ్ళ రొట్టెల వ్యాను మీద. అందులో సీటంటే ఒక చెక్క, దాని మీద మడతపెట్టిన గోనెసంచి. ఆ వ్యానుతో కొన్నేళ్ళు ఊరంతా తిరిగాక, అద్దెకార్ల షెడ్డుకు వెళ్ళి పని అడిగింది. ఊళ్ళో తిప్పడానికైతే సరేనన్నాడు యజమాని. ఆవిడకు కావలసింది అది కాదు. సందు, మలుపు, సిగ్నలు, మళ్ళీ సందు, ఇదీ ఒక నడపడమేనా, తలుపు గడియ తీసి వేసినట్టుంది అనేది. ఊరు దాటాక రోడ్డు వెడల్పయి, బండి పై గేరులో పడి, ఇంజను గొంతు మారే చోటొకటి ఉంటుంది. అక్కడ ఆవిడ మొహం కూడా విచ్చుకునేది. ఆ దూరపు ట్రిప్పుల కోసం ఆయన వద్దన్న ప్రతిసారీ మళ్ళీ అడిగి, ఆయనే విసిగి పంపేదాకా వదల్లేదు. ఒంటరిగా దూరం వెళ్ళవలసిన ఆడవాళ్ళు ఆవిడే కావాలని ఫోన్లు చేయడం మొదలుపెట్టాక ఆయనకు కాదనే అవకాశమే లేకుండా పోయింది.

చిక్కు వచ్చిందల్లా షెడ్డుకు కొత్త కార్లు వచ్చాకే. ఆవిడ వంతుకు వచ్చిన తెల్లకారు చూడ్డానికి ముచ్చటగా ఉంది. సీటు మీద చెయ్యి వేస్తే దూదిలో వేసినట్టు దిగిపోతుంది. కూర్చున్న కాసేపూ రాణిగారిలా ఉండేది. ఊరు దాటాక మొదలయ్యేది అసలు సంగతి. నడుము కింద మంట, తొడల కింద తిమ్మిరి, బ్రేకు మీదున్న కాలు ఎవరిదో పరాయి కాలులా బరువు. ఒక దిండు వేసింది. దాని మీద ఇంకో దిండు వేసింది. వీపు వెనక తువ్వాలు చుట్టి పెట్టింది. గట్టిగా బ్రేకు వేస్తే దిండ్లొక వైపు, తానొక వైపు. ఇక చేసేది లేక ఎక్కడ నీడ కనిపిస్తే అక్కడ బండి ఆపి, దిగి, తలుపుకు ఆనుకుని నిలబడటం అలవాటు చేసుకుంది.

నెలనెలా దూరపు మిల్లులకు వెళ్ళే బట్టల వ్యాపారి ఒకాయన ఉన్నాడు. షెడ్డుకు పాత పార్టీ. ఈవిడ బండి నడపడం కంటే బండి పక్కన నిలబడటమే ఎక్కువగా ఉందని ఆయన యజమానితో చెప్పాడు. యజమాని ఆవిడను బల్ల దగ్గరికి పిలిచి, ఇకనుంచి ఊళ్ళో ట్రిప్పులే చూసుకోమన్నాడు. కోపంగా అనలేదు. బుజ్జగిస్తున్నట్టే అన్నాడు. అదే ఆవిడకు ఒళ్ళు మండించింది.

"నీ ఒంటికి దూరం పడదమ్మా. ఎందుకొచ్చిన బాధ చెప్పు" అన్నాడు.

"నా ఒంటికేం సార్, బాగానే ఉంది. ఆ సీటే బాగాలేదు."

"అందరూ ఆ సీట్లలోనే కదా కూర్చుంటున్నారు?"

"అందరూ నిచ్చెనలే కదా సార్."

ఆయన నవ్వాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు.

పిట్టక్క వాళ్ళ ఇల్లు రోడ్డు వైపు సెలూను, వెనక వసారా పరుపుల కొట్టు, మధ్యలో మిగిలిన గదే కాపురం. సెలూను భర్తది. పరుపులు కుట్టేది అత్తగారు. ఆవిడ ఒళ్ళంతా ఎప్పుడూ దూదిపింజలే. ఆ ఇంట్లో ఎవరి నడుము ఎక్కువ కష్టపడుతోందన్న తగువు ఏళ్ళ తరబడి తెగలేదు. భర్త పొద్దంతా నిలబడి పనిచేసేవాడు. అత్తగారు పొద్దంతా నేలమీద కూర్చుని, ముందుకు వంగి కుట్టేది. మెత్తటి సీట్లో దర్జాగా కూర్చుని తిరిగేదానికి నడుము నొప్పేమిటని ఇద్దరూ కలిసి కోడలి మీద పడేవాళ్ళు. ఆ ఒక్క విషయంలోనే తల్లీకొడుకులు ఒక మాట మీద ఉండేవాళ్ళు.

ఈసారి మాత్రం పిట్టక్క వాళ్ళతో తగువుకు దిగలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. ఆయన మాత్రలు రాసి, వీలైతే కూర్చుని చేసే పని మానుకోమన్నాడు. యజమానీ అదే మాట, డాక్టరూ అదే మాట. తప్పంతా తన ఒంటిలోనే ఉన్నట్టు ఇంతమంది ఒక్క గొంతుతో చెబుతుంటే ఆవిడకు దిగులు రాలేదు. పంతం వచ్చింది. సెలూనులో ఖాళీగా ఉన్న బెంచీ మీద కూర్చుని జరిగిందంతా భర్తకు చెప్పింది. ఆయన కత్తి తుడుస్తూ విన్నాడు. మామూలుగా సలహాలిచ్చే మనిషి కాదు.

"నా దగ్గరికి చిన్నపిల్లాడొస్తే కుర్చీ చేతుల మీద పలక వేసి కూర్చోబెడతాను" అన్నాడు. "నువ్వు పొట్టివాడివి, జుట్టు పెంచుకుపో అనను కదా."

ఆయనకు అది మామూలు మాటే. అనేసి కత్తి పెట్టెలో పెట్టుకున్నాడు. ఆవిడ మాత్రం ఆ బెంచీ మీదనుంచి వెంటనే లేవలేకపోయింది.

అదే వారం తెల్లకారు క్లచ్ పని మీద మెకానిక్కు దగ్గరికి వెళ్ళింది. పిట్టక్క వెనకే వెళ్ళి, డ్రైవరు సీటు బోల్టులు విప్పి తీసుకెళ్తానంది. మెకానిక్కు కారు కిందనుంచి తల కూడా బయటికి పెట్టలేదు. సీటు లేకపోతే క్లచ్ పట్టదా ఏమిటి, బండి తయారయ్యేలోగా తెచ్చి పెట్టేయమన్నాడు. ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చింది. సెలూనులోంచి లోపలికి మోసుకెళ్తుంటే, గడ్డానికి నురగతో కూర్చున్న ఒకాయన కొత్త కుర్చీ కొన్నారా అని సంబరంగా అడిగాడు.

వసారాలో దాన్ని నేలమీద పెట్టగానే అత్తగారు చుట్టూ తిరిగి చూసింది. నొక్కింది. వాసన చూసింది. పెద్ద కత్తెర అందుకుంది.

"అత్తయ్యా, అది వాళ్ళ సొమ్ము" అంది పిట్టక్క.

"నడుము మనది" అంది అత్తగారు. కుట్టు చివర కత్తెర మొన దూర్చి ఒక్క లాగు లాగింది.

ఇక వెనక్కి పోవడానికి లేదు. లోపలి స్పాంజి నడుమ గుంటపడి ఉంది. కూర్చున్న మనిషి బరువంతా ఆ గుంటలోకే జారుతుంది. అత్తగారు దాన్ని చూసి పెదవి విరిచి, నాకు వదిలెయ్ అంది. ఏకిన దూది తెచ్చింది. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. పరుపుకు ఎప్పుడూ నడుమ ఎత్తుగా నింపాలి, ఎందుకంటే పడుకునేవాడి బరువంతా నడుమనే దిగుతుంది. జీవితమంతా అలాగే నింపింది, ఇప్పుడూ అలాగే నింపింది. కుట్టు పూర్తయ్యేసరికి సీటు పొట్ట ఉబ్బిన పిల్లిలా ఉంది. ఇటుకలు పేర్చి సీటు ఎక్కించారు. పెడళ్ళ బదులు ఇంకో రెండు ఇటుకలు. పిట్టక్కను కూర్చోబెట్టి, స్టీరింగు బదులు పళ్ళెం చేతికిచ్చారు. భర్త సెలూను గుమ్మంలోంచి తొంగి చూసి, ఎడమకు తిప్పు అన్నాడు. ఎడమకు తిప్పింది. తాను కుడివైపుకు జారి, పళ్ళెంతో సహా దూదిబస్తాల మీద పడింది.

భర్త నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయాడు. అత్తగారికి మాత్రం నవ్వు రాలేదు.

"నేను కుట్టిన పరుపు మీంచి ఇంతవరకూ ఎవ్వరూ కింద పడలేదు" అంది.

"పడుకున్నవాళ్ళు పడరు అత్తయ్యా. నేను నడపాలి."

ఆ మాటకు అత్తగారు అలిగి, ఆ పూటంతా కోడలితో మాట్లాడలేదు. గిన్నెలతో మాట్లాడింది. పిట్టక్క వసారాలో నేలమీద కూర్చుని, ఉబ్బిన సీటు వైపు చూస్తూ ఉండిపోయింది. మెత్తగా ఉంటే నొప్పి, ఇంకా మెత్తన చేస్తే ఇంకా అన్యాయం. మరి రొట్టెల వ్యానులో ఆ చెక్కముక్క మీద కూర్చున్నన్నాళ్ళూ తనకొక నడుముందన్న సంగతే గుర్తు రాలేదే? ఆ మాట పైకే అంది. లోపలి గదిలో గిన్నెల చప్పుడు ఆగింది. అత్తగారు చెంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆ చెక్క ఎంత ఎత్తుండేది, కాళ్ళు నేలకు ఆనేవా అని అడిగింది. అలక తీరిందని చెప్పుకోవడం ఆవిడ పద్ధతి కాదు. పనిలోకి దిగడమే పద్ధతి.

ఈసారి నింపడానికి ముందు కోడల్ని సీట్లో కూర్చోబెట్టి, చేతులతో వెతికింది. మోకాలి వెనక అరచెయ్యి దూర్చబోతే దూరలేదు. సీటు ముందంచు అక్కడిదాకా వచ్చి కాలిని కోస్తోంది. పెడలు అందుకోమంటే పిట్టక్క ముందుకు జరిగింది. అప్పుడు నడుము వెనక చెయ్యి పెడితే మోచేతిదాకా ఖాళీ.

"నువ్వు సీట్లో కూర్చోవడం లేదే" అంది అత్తగారు. "అంచున వేలాడుతున్నావు. నీ చోటులో గాలి కూర్చుని ఊళ్ళు తిరుగుతోంది."

అంతే. నొప్పికి ఇన్నాళ్ళకు ఒక చోటు దొరికింది. దూది మొత్తం తీసేశారు. గట్టిగా అదిమిన కొబ్బరిపీచు దిమ్మ అడుగున వేసి, వెనకభాగం ఎత్తు చేశారు. ముందంచు కోసి, కిందికి గుండ్రంగా తిప్పారు. వీపు పలక మొత్తం ముందుకు వచ్చేలా నింపి, నడుము దగ్గర మందంగా, భుజాల దగ్గర పల్చగా చేశారు. పైన మాత్రం పల్చటి స్పాంజి ఒక్క పొర. చెమట పట్టే రెక్సిను బదులు మందపాటి బట్ట. తొడల కింద ఎక్కడా కుట్టు తగలకుండా అంచుల వైపు జరిపారు.

కుట్టగానే పని కాలేదు. పిట్టక్క పళ్ళెం పట్టుకుని అందులో కూర్చునేది. భర్త ఒక గడ్డం, ఒక క్షవరం, ఒక తలకు రంగు పూర్తి చేసేదాకా లేవకూడదు. దూరం వెళ్ళడమంటే అంతసేపు మరి. ఎదురుగా అత్తగారు వేరే పరుపు కుడుతూ ఓరకంట చూస్తూ ఉండేది.

"కదిలావు."

"లేదత్తయ్యా."

"కదిలావే. ఎడమ పిర్ర."

మళ్ళీ విప్పడం, ఒక పిడికెడు తీయడమో పెట్టడమో, మళ్ళీ కుట్టడం. ఒకసారి బాగా నింపి ఎత్తు చేస్తే, కారు పైకప్పుకు తల తగులుతుందేమోనని తలుపు ఎత్తు గుర్తు చేసుకుని తగ్గించారు. చివరకు ఒకరోజు తలకు రంగు వేయించుకున్న మనిషి కడుక్కుని, అద్దంలో చూసుకుని వెళ్ళిపోయాక కూడా ఆవిడ పళ్ళెం తిప్పుతూ కూర్చునే ఉంది. దిగవే, ఇక్కడ ఊరేమీ రాలేదు అంది అత్తగారు. గొంతులో మురిపెం దాచుకోలేకపోయింది.

బండి తయారైన రోజు సీటు బిగించుకుని, పొద్దున్నే షెడ్డుకు తెచ్చింది. ఒక్కసారి దూరం పంపి చూడమని యజమానిని అడగాలని వచ్చింది. అడగకముందే సంగతి అర్థమైంది. మిల్లులకు వెళ్ళే బట్టల వ్యాపారి సంచులతో నిలబడి ఉన్నాడు. మిగతా బండ్లన్నీ బయటికి వెళ్ళాయి. తెల్లకారు తీసుకుని ఆయన్ని తీసుకెళ్ళమని యజమాని నిచ్చెనతో చెబుతున్నాడు. ఆవిడకు ఊళ్ళో ఎవరినో ఆస్పత్రికి దింపే పని రాసిపెట్టాడు, బండి దొరికినప్పుడు.

పిట్టక్క తాళాలు నిచ్చెన చేతికిచ్చి పక్కకు తప్పుకుంది.

నిచ్చెన తలుపు తీసి, ఎప్పటిలా ధడాలున కూర్చున్నాడు. తల పైకప్పుకు కొట్టుకుంది. మోకాళ్ళు స్టీరింగుకు రెండు వైపులా లేచాయి. సీటు వెనక్కి జరిపాడు. అయినా వీపు పలక వెనకనుంచి తోస్తూనే ఉంది, తొడలు సగం గాలిలోనే ఉన్నాయి. పట్టుదలగా ఆవరణలో ఒక చుట్టు తిప్పి, మెడ రుద్దుకుంటూ దిగాడు. ఇది సీటు కాదు పీట, దీని మీద ఊరి చివర దాకా కూడా వెళ్ళలేనన్నాడు. ఆవిడ వైపు తిరిగి, అక్కా, ఇది ఎవరి కొలతలకు కుట్టించావు అని అడిగాడు.

"నావే" అంది.

యజమాని వచ్చి, వంగి సీటు నొక్కి చూశాడు. అంచుల వెంట వేలు పోనిచ్చాడు. పరుపుల కుట్టు ఎక్కడున్నా దాగదు. ఆయన మొహం ఎర్రబడింది.

"ఎవర్నడిగి చేశావు?"

"సీటు బాగాలేదని ఎన్నిసార్లు చెప్పాను సార్. మీరు నా ఒళ్ళు బాగాలేదన్నారు."

"పాత సీటు తెచ్చి బిగించు."

"పాతది లేదు సార్. కోసేశాం. ఇదే అది."

ఆయన కారులోంచి తల బయటికి తీశాడు. అంత పెద్ద కంపెనీ, ఇంజనీర్లు, యంత్రాలు, అన్నీ చూసి చేసిన సీటు, నీకు నచ్చలేదని కోసేస్తావా అని అడిగాడు.

"చూసే చేసుంటారు సార్. నన్ను చూసి చెయ్యలేదు."

నిచ్చెన అటు తిరిగి నిలబడ్డాడు. నవ్వు కనబడకూడదని. యజమాని గొంతు లేచింది. ఆవిడ చేసింది బండిని పాడు చేయడమేనన్నాడు, రేపటినుంచి పనిలోకి రానక్కర్లేదన్నాడు. ఉద్యోగం పోతే ఊళ్ళో ట్రిప్పులు కూడా ఉండవు, మళ్ళీ రొట్టెల వ్యానే. అయినా పిట్టక్క తల దించలేదు.

"మానిపిస్తే మానిపించండి సార్. సీటు మార్చి పెట్టమంటే మాత్రం నా చేత్తో మార్చను. నడపడం నాకు చేతకాదని మీరంటే ఒప్పుకోను."

బట్టల వ్యాపారి సంచి కింద పెట్టి, గడియారం చూసుకున్నాడు. మిల్లులో ఆయన కోసం సరుకు విప్పి కూర్చుని ఉంటారు. మీ తగువు వచ్చాక తీర్చుకోండి, ఎవరో ఒకరు బండి తీయండి మహాప్రభో అన్నాడు. యజమాని నిచ్చెన వైపు చూశాడు. నిచ్చెన మెడ రుద్దుకున్నాడు. ఇంకో బండి లేదు. పిట్టక్క నిచ్చెన ముందు చెయ్యి చాపింది. వాడు యజమాని మొహం కూడా చూడకుండా తాళాలు ఆ చేతిలో వేశాడు.

ఊరు దాటింది. ఇంజను గొంతు మారింది. ఎక్కడ మంట మొదలవుతుందా అని ఆవిడ నడుముకేసి చెవి పెట్టుకునే కూర్చుంది. నొప్పి అసలు లేదని కాదు. ఉంది. ఎక్కడో దూరపు చుట్టంలా ఒక మూల కూర్చుంది, నెత్తినెక్కలేదు. పాదం పెడలు మీద నిండుగా ఆనింది. వీపు వెనక ఖాళీ లేదు. నీడ కనిపించిన చోటల్లా బండి దానంతటదే నెమ్మదించబోతుంటే, అలవాటును తొక్కిపెట్టి ముందుకు పోనిచ్చింది.

వెనక సీట్లో వ్యాపారి మొదట సంచిని ఇటునుంచి అటు మార్చాడు. తర్వాత తానే ఇటునుంచి అటు మారాడు. సంచిని నడుము వెనక పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. అద్దంలో అదంతా ఆవిడకు కనిపిస్తూనే ఉంది. ఎడమ పిర్ర అనుకుంది మనసులో. చివరకు ఆయనే, ఎక్కడైనా కాస్త ఆపుతావా అమ్మా అన్నాడు. ఆపింది. ఆయన దిగి నడుము పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. ఆవిడ దిగలేదు. దిగితే మంచిదే, కాళ్ళు సాగేవి. కానీ ఆ రోజు దిగదలుచుకోలేదు. వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ ఆయనే ఆపించాడు, ఆయనే తిరిగాడు.

సాయంత్రానికి షెడ్డుకు వచ్చేసరికి యజమాని కుర్చీ గుమ్మంలోకి జరుపుకుని కూర్చుని ఉన్నాడు. ఆవిడను పలకరించలేదు. నేరుగా వ్యాపారినే, దారిలో ఎన్నిసార్లు ఆపిందండీ అని అడిగాడు. వ్యాపారికి అబద్ధమాడే ఓపిక కూడా లేదు.

"నేనే ఆపించాను. ఆవిడ కదిలితే ఒట్టు" అన్నాడు. "మీ వెనక సీటు మాత్రం మహా ఘోరమండీ." సంచులు దింపించుకుని, నడుము మీద చెయ్యి వేసుకునే వెళ్ళిపోయాడు.

యజమాని చాలాసేపు తెల్లకారు వైపే చూశాడు. దాన్ని ఇప్పుడు ఇంకెవరూ నడపలేరన్న సంగతి ఆయనకు పొద్దుననగా తెలిసిందే. అప్పుడది కోపంలో మింగుడు పడలేదు, ఇప్పుడు కూడా అంత తేలిగ్గా పడటం లేదు.

"చూడమ్మా" అన్నాడు చివరకు. "వెనక సీటు జోలికి వెళ్ళావంటే మాత్రం ఈసారి నిజంగానే మానిపిస్తాను."

పిట్టక్క తర్వాతి దూరపు ట్రిప్పు ఎప్పుడని అడిగింది. ఆయన గోడవైపు తిరిగి, ఎల్లుండి తెల్లవారకముందే రమ్మని గొణిగాడు. పని ముగిశాక తాళాలు ఆయన బల్ల మీద పెట్టి వెళ్ళడం షెడ్డు రివాజు. అలవాటుగా ఆయన చెయ్యి చాపాడు.

"ఇంకెవరు నడుపుతారు సార్ దాన్ని?" అని, తాళాలు తన చేతిసంచిలో వేసుకుని ఇంటికి నడిచింది.